సుంకాల చరిత్ర – 6: బందరు అద్దకం మీద లండన్ చట్టం

కిందటి భాగంలో మోటుపల్లి రేవు దగ్గర ఆగాం. 1244–45లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం చూశాం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరకును రాజులు కాజేసే పాత అలవాటును ఆయన మానుకున్నాడు. ముప్ఫయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ అడగనని పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడలు రావాలి, వర్తకులు నిలవాలి, ఖజానా నిండాలి. ఆయన లెక్క అంత సూటిగా ఉంది.

ఈసారి నాలుగున్నర శతాబ్దాలు దాటి లండన్‌కు వెళ్దాం. అక్కడి లెక్కలో తిరకాసు ఉంది. సరకు ఓడల్లో రావచ్చు, రేవు గోదాముల్లో దిగవచ్చు, వేలంలో అమ్ముడుపోవచ్చు. ఆ ఊళ్ళో ఎవరూ దాన్ని తొడుక్కోకూడదు, అంతే. ఇంత విచిత్రమైన చట్టం తెప్పించిన సరకు మన నూలు గుడ్డ. సూరత్ నుంచి, బెంగాల్ నుంచి, కోరమండల్ తీరం నుంచి వెళ్ళిన రంగుల గుడ్డ. అందులో బందరు, నిజాంపట్నం పరిసరాల్లో నేసి అద్దింది కూడా ఉంది.

తెల్లవాళ్ళు బందరుకు వచ్చింది యూరప్ ఆడవాళ్ళకు గౌన్ల గుడ్డ కొనడానికి కాదు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద దిగినప్పుడు వాళ్ళ మనసంతా తూర్పు దీవుల మిరియాల మీద, లవంగాల మీద ఉంది. ఇంగ్లండు ఉన్ని బట్టలు ఆ ఉక్కపోత దీవుల్లో ఎవరికి కావాలి? అక్కడివాళ్ళు అడిగేది కోరమండల్ గుడ్డ. అది ఉంటేనే మసాలా దొరుకుతుంది. అందుకని వెండి తెచ్చి, బందరులో దాన్ని వరహాలుగా మార్చి, వరహాలతో గుడ్డ కొని, గుడ్డతో మిరియాలు కొని, మిరియాలు లండన్‌లో అమ్మేవారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానాతో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఏటా 500 వరహాలు కట్టి తన రాజ్యంలో వ్యాపారం చేసుకునే వీలు దొరికింది. కంపెనీ వారు దాన్ని బంగారు ఫర్మానా అని చెప్పుకొని మురిసిపోయారంటే ఆ బేరం ఎవరికి లాభమో ఊహించుకోవచ్చు.

ఈ గుడ్డలో ఏముందని ఇంత గిరాకీ? రంగు. ఉన్నికీ పట్టుకీ రంగు వేయడం యూరప్‌కు బాగానే తెలుసు. నూలు అలా లొంగదు. వేసిన రంగు నాలుగు ఉతుకులకే వదిలిపోతుంది. మన అద్దకపువాళ్ళు ఆ చిక్కును తరతరాల కిందటే విప్పుకున్నారు. గుడ్డను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రవంతో కలం పట్టి గీస్తే కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత నల్లగా తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. ఆ తర్వాత గుడ్డంతా చిరివేరు కాగులో ఉడకబెడతారు. పటిక పడ్డ చోట ఎరుపు అతుక్కుని కూర్చుంటుంది. మిగతా చోట పట్టిన రంగు పారే నీళ్ళలో జాడించి ఎండలో పరిస్తే వదిలిపోతుంది. నీలం కోసమైతే, ఆ రంగు పడనక్కరలేని భాగమంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఒక్క తానుకు వారాల పని. కృష్ణ పాయల దగ్గరి ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు, ముఖ్యంగా నిజాంపట్నం వైపు తవ్విన వేరుకు, సాటి వచ్చే ఎరుపు మరెక్కడా లేదని డచ్చి, ఇంగ్లీషు గుమాస్తాలు ఇద్దరూ గుర్తించారు.

మసాలా బేరంలో మారకానికి కొన్న ఈ గుడ్డ కొద్ది కొద్దిగా లండన్‌కూ చేరింది. మొదట గోడలకు, మంచాలకు. 1643లో కంపెనీ డైరెక్టర్లు ఇక్కడి గుమాస్తాలకు రాస్తూ, ముదురు ఎరుపు నేల మీద పూలు మా వాళ్ళకు నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉండేలా వేయించండి అని కోరారు. 1663 సెప్టెంబరులో శామ్యూల్ పెపీస్ తన భార్య చదువుగది గోడలకు వేయడానికి ఒక చీటీ గుడ్డ కొన్నట్టు దినచర్యలో రాసుకున్నాడు. ఇంకో ఇరవై ఏళ్ళకు అది గోడ దిగి ఒంటి మీదికి వచ్చింది. దొరసానులతో మొదలై పనిమనుషుల దాకా పాకింది. ఉన్ని కంటే తేలిక, పట్టు కంటే చవక, ఉతికితే మళ్ళీ కొత్తది. 1684లో కంపెనీ ఓడలు పది లక్షలకు పైగా తానులు లండన్‌కు దించాయి.

ఇంత చవకగా ఎలా అమ్మగలిగారు? లండన్ కరపత్రాల రచయితలు చెప్పిన జవాబు ఒక్కటే: భారతదేశంలో కూలివాడు అణా పైసలకు బతుకుతాడు. ఈ మాట తర్వాత పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. ప్రసన్నన్ పార్థసారథి వంటి చరిత్రకారులు దీన్ని తప్పుపట్టారు. వెండిలో లెక్కిస్తే దక్షిణాది నేతగాడి కూలి తక్కువే, కానీ ఆ కూలితో కొనగలిగే ధాన్యం లెక్కిస్తే ఇంగ్లండు నేతగాడికి అతను ఏమాత్రం తీసిపోడు అన్నది పార్థసారథి వాదం. బ్రాడ్‌బెరీ, బిష్ణుప్రియ గుప్తా అనే ఆర్థిక చరిత్రకారులు ఆ లెక్కను ఒప్పుకోలేదు. తగవు ఇంకా తెగలేదు. నన్నడిగితే ఈ తగవులో బియ్యం ధర కంటే ఎక్కువగా పట్టించుకోవలసింది బయానా కథ. కోరమండల్ తీరంలో వర్తకుడు నేతగాడికి ముందుగా బయానా ఇస్తాడు. గిట్టకపోతే నేతగాడు బయానా తిరిగిచ్చేసి ఒప్పందం వదులుకోవచ్చు. వర్తకుడికి ఆ వెసులుబాటు లేదు. ఇంకొకడు ఎక్కువ ధర ఇస్తానంటే తాను అటు వెళ్ళిపోతుంది. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి, పర్షియా, ఆర్మేనియా వర్తకులంతా ఒకే మగ్గం ముందు నిలబడ్డ కాలంలో ఇది చిన్న బలం కాదు.

ఇక ఆ ఒడ్డున గొడవ. మొదటి అభ్యంతరం గుడ్డ మీద కాదు, వెండి మీద. 1600లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన పత్రంలోనే కంపెనీ ఒక్కో ప్రయాణానికి 30,000 పౌన్ల విలువైన వెండిబంగారాలు పట్టుకెళ్ళవచ్చని ప్రత్యేకంగా అనుమతి రాయవలసి వచ్చింది. ఎందుకంటే దేశ సంపద అంటే దేశంలో ఉన్న వెండీ బంగారమే అని ఆనాటి నమ్మకం. కంపెనీ డైరెక్టరు థామస్ మన్ 1621లో దీనికి జవాబు రాశాడు. ఇక్కడి నుంచి పోయిన వెండితో కొన్న సరకును ఇతర దేశాలకు మళ్ళీ అమ్మితే పోయినదానికంటే ఎక్కువ వెండి తిరిగి వస్తుంది కదా అన్నాడు. రైతు గింజలు నేల మీద చల్లుతున్నప్పుడు మాత్రమే చూసినవాడికి అతను పిచ్చివాడిలా కనిపిస్తాడని తర్వాతి పుస్తకంలో ఉపమానం కూడా చెప్పాడు. వాదం గట్టిదే. దానికి ఒక షరతు ఉంది: కొన్న సరకు బయటి దేశాలకు పోవాలి. అది ఇంగ్లండులోనే ఒంటి మీదికి ఎక్కితే మన్ లెక్క తప్పుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఉన్ని ఇంగ్లండుకు ప్రధాన ఎగుమతి. గొర్రెలు మేసే భూములు ప్రభువులవి. ఆ ప్రభువుల సభలో ఛాన్సలర్ కూర్చునే పీఠమే ఉన్ని కుక్కిన పరుపు. దానికి తోడు లండన్ శివారు స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు నేతగాళ్ళు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణ రద్దు చేశాక పారిపోయి వచ్చిన కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. నిజానికి ఈ విషయంలో ఫ్రాన్సే ముందు నడిచింది. 1686లోనే రంగుల గుడ్డల మీద నిషేధం పెట్టింది, 1759 దాకా ఎత్తలేదు. రాజు ఉంపుడుగత్తె పాంపడూర్ దర్జాగా తొడుక్కున్న గుడ్డను దొంగచాటుగా రవాణా చేసినవాళ్ళు మాత్రం గ్యాలీ ఓడల్లో తెడ్లు వేశారు.

1697లో స్పిటల్‌ఫీల్డ్స్ జనం కంపెనీ కార్యాలయం మీద పడ్డారు. కంపెనీ పెద్ద జోసయా చైల్డ్ ఇంటి మీదికీ వెళ్ళారు. కరపత్రాల వాన కురిసింది. ఇంగ్లండూ ఇండియా సరకుల్లో ఒకదానికొకటి పొసగవని జాన్ పొలెక్స్‌ఫెన్ రాస్తే, వ్యాపారం దాని దారిన అది పోవలసిందేనని కంపెనీ పక్షాన చార్లెస్ డేవనంట్ రాశాడు. చివరికి 1700లో చట్టం వచ్చింది. 1701 సెప్టెంబరు 29 నుంచి పర్షియా, చైనా, ఇండియాల్లో తయారైన పట్టుబట్టలు, అక్కడే రంగు అద్దిన నూలుగుడ్డలు ఇంగ్లండులో తొడగడం, వాడటం నిషేధం. సరకు దాచి పట్టుబడితే జప్తు, పైన 200 పౌన్ల జరిమానా. గోదాములో దించి తిరిగి విదేశాలకు పంపుకోవచ్చు. అంటే మన్ షరతును పార్లమెంటు చట్టంలో పెట్టింది.

అద్దకం లేని తెల్ల గుడ్డ మాత్రం నూటికి 15 సుంకం కట్టి లోపలికి రావచ్చు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. తెల్ల గుడ్డ లండన్‌లో దిగింది, లండన్‌లోనే రంగు అద్దుకుంది. వెస్ట్‌హామ్‌లో విలియం షెర్విన్ అనే చెక్కడపు పనివాడు 1676లోనే గుడ్డ మీద అచ్చు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా బందరు పనితనంతో పోటీపడలేక ఓ మూల ఉన్న ఆ అచ్చు పనికి ఇప్పుడు పోటీయే లేకుండా పోయింది. థేమ్స్ పక్కన అచ్చుశాలలు వెలిశాయి. ఉన్నిని కాపాడుదామని తెచ్చిన చట్టం ఉన్నికి ఇంటి పక్కనే కొత్త శత్రువును తయారుచేసింది. ప్రభుత్వం ఏం చేసింది? 1712లో అచ్చు వేసిన గుడ్డకు గజానికి మూడు పెన్నీల పన్ను, 1714లో ఆరు పెన్నీలు. ఆదాయం రుచి తగిలాక ఖజానాకు ఆ అచ్చుశాలలు కూడా ముద్దొచ్చాయి.

ఈ గొడవలో 1701లో ఒక పుస్తకం వచ్చింది. రచయిత పేరు వేయలేదు. తర్వాతి పండితులు హెన్రీ మార్టిన్ అని తేల్చారు. ఈస్టిండియా వ్యాపారం మీద ఆలోచనలు అన్నది దాని విషయం. నా దృష్టిలో ఆడమ్ స్మిత్‌కు ముందు ఇంత సూటిగా రాసినవాడు లేడు. ముగ్గురు ఇక్కడ కష్టపడి చేసే బట్టను ఒక్కడి కష్టంతో చేసిన సరకు ఇచ్చి ఇండియా నుంచి తెచ్చుకోగలిగితే, మిగతా ఇద్దరిని మగ్గం మీద కూర్చోబెట్టడం దేశానికి నష్టమే అన్నాడు. నదిలో పడవ నడిస్తే బండ్లవాళ్ళకు పని పోతుందని నదిని పూడ్చేస్తామా అని అడిగాడు. చవక గుడ్డ పోటీ తగిలితే ఇంగ్లండు పనివాళ్ళు పనిని ముక్కలు చేసి పంచుకుంటారు, యంత్రాలు కనిపెడతారు అని కూడా ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. నిజమైన దారి మాత్రం అతను చెప్పింది కాదు. యంత్రాలు పోటీ తగిలిన చోట కాకుండా, పోటీని చట్టం అడ్డుకున్న చోట పుట్టాయి. ఇంకో చమత్కారం: ఫ్రాన్సుతో వ్యాపార ఒప్పందం వద్దని 1713లో గగ్గోలు పెట్టిన పత్రికకు రాసినవాళ్ళలో ఇదే మార్టిన్ ఉన్నాడు. ఆ సేవకు ఫలితంగా 1715లో ఎగుమతి దిగుమతుల లెక్కల అధికారి అయ్యాడు.

1719 జూన్‌లో గొడవ రోడ్డెక్కింది. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు గుంపులుగా తిరిగి, నూలు గౌను కనిపించిన ఆడవాళ్ళ మీద సిరా పోశారు, యాసిడ్ చల్లారు, ఒంటి మీద గుడ్డ చింపేశారు. సైన్యాన్ని దింపారు. ఆ నేతగాళ్ళ తరఫున పత్రిక నడిపి రాసినవాడు డేనియల్ డెఫో. అతని రాబిన్సన్ క్రూసో నవల అప్పటికి రెండు నెలల కిందట వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ళ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ కోపం కంపెనీ వాటాదారుల జోలికి పోలేదు. దారిన పోయే పనిమనిషి మీద పడింది. డెఫో రాతల్లోనూ తప్పంతా ఆడదాని మోజుదే. ఆమె డబ్బుతో ఆమె తొడుక్కునే గుడ్డ గురించి ఆమెను అడిగినవాడు లేడు. పార్లమెంటుకు అర్జీలు పెట్టినవాళ్ళలో బందరు నేతగాడు లేనట్టే, లండన్ పనిమనిషీ లేదు.

1721లో రెండో చట్టం వచ్చింది. 1722 క్రిస్మస్ నుంచి అచ్చు వేసిన, రంగు వేసిన నూలుగుడ్డ ఎక్కడ అద్దిందైనా సరే తొడగరాదు. తొడిగితే అయిదు పౌన్లు, పట్టించినవాడికి ఆ డబ్బు. అమ్మితే 20 పౌన్లు. మినహాయింపులు చదివితే ఎవరి పలుకుబడి ఎంతో తెలుస్తుంది. మస్లిన్లు సరే. మొత్తం నీలం అద్దిన గుడ్డ సరే. నార పడుగుతో నూలు పేక నేసే ఫస్టియన్ సరే, అది లాంకషైర్ సరకు. స్కాట్లండు, ఐర్లండు నార గుడ్డలకు అచ్చు వేసుకోవడానికీ అడ్డు లేదు. అప్పుడు ఈ ఫస్టియన్ మినహాయింపును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అచ్చుశాలలు పట్టించుకున్నాయి. నార కలిసిన గుడ్డ మీద అచ్చు మొదలైంది. ఉన్నివాళ్ళు కోర్టుకెక్కారు. 1736లో పార్లమెంటు లాంకషైర్ పక్షాన, అలాంటి గుడ్డ తప్పు కాదని చట్టమే చేసింది.

పట్టు నేతగాళ్ళకు ఏం దక్కిందో ఒక ముక్కలో చెప్పవచ్చు. వాళ్ళు మరో తరం గడవకముందే ఫ్రాన్సు పట్టు మీద అర్జీలు పెడుతున్నారు. 1766లో ఆ నిషేధమూ సాధించారు. 1826లో అది ఎత్తేశాక స్పిటల్‌ఫీల్డ్స్ కుప్పకూలింది.

లండన్‌లో తొడగకూడని గుడ్డ ఎక్కడికి పోయింది? చాలా భాగం యూరప్‌లోని ఇతర దేశాలకు. కొంత అమెరికా వలసలకు. మరికొంత పశ్చిమ ఆఫ్రికా తీరానికి. అక్కడ మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరకుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది భారతీయ నూలుగుడ్డ. ఆఫ్రికా వర్తకులు అంచు, రంగు, నేత చూసి మరీ తీసుకునేవారు. నకిలీ లాంకషైర్ గుడ్డను మొదట్లో వెనక్కి నెట్టారు. ఇక్కడ చిరివేరు ఉడికించినవాడికి ఆ తీరంలో తన గుడ్డ వెల మనిషి తల మీద కడతారని తెలిసే దారి లేదు. మన పుస్తకాలు కోరమండల్ గుడ్డ ఖ్యాతిని చెప్పేటప్పుడు ఈ పేజీని దాటేస్తాయి. దాటేయకూడదు.

ఈ రెండు చట్టాలూ మన తీరాన్ని నాశనం చేశాయని చాలాచోట్ల చదువుతాం. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. దెబ్బ తగిలింది. మస్లిన్‌కు మినహాయింపు ఉంది కాబట్టి ఆర్డర్లు బెంగాల్ వైపు మళ్ళాయి. అద్దకపు ఊళ్ళకు ఇంగ్లండు బజారు మూసుకుపోయింది. కానీ బందరు అప్పటికే 1687లో గోల్కొండ పతనంతో చితికిపోయి ఉంది. రేవు వ్యాపారంలో పెద్ద భాగం మద్రాసుకు తరలింది. ఇంకోపక్క డచ్చివారు, ఫ్రెంచివారు, ఆసియా వర్తకులు కొంటూనే ఉన్నారు. మాధవాయపాలెం, ఇంజరం కంపెనీ కొఠీలకు తెల్ల తానులు వస్తూనే ఉన్నాయి. నేతగాడి నడ్డి విరిగింది తర్వాత. 1759లో బందరు కోట, 1765 తర్వాత ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక మగ్గం ముందు కొనుగోలుదారు ఒక్కడే మిగిలాడు. బయానా తిరిగిచ్చి వెళ్ళిపోయే హక్కు అప్పుడు పోయింది. ఆ పని చేసింది సుంకం కాదు, సిపాయి.

ఈలోగా యూరప్ రంగుల రహస్యాన్ని ఓపిగ్గా కూడగట్టింది. పుదుచ్చేరిలో ఉన్న జెసూట్ ఫాదర్ కూర్డూ 1742లో అద్దకపు పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. పని తెలిసిన తన మతంలోని వాళ్ళను అడిగి రాబట్టిన వివరాలవి. ఈయన తెలుగు బాగా నేర్చినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు, సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని గమనించిన తొలి తరం వారిలో ఒకడు. పండితుడు, పాదిరి, పారిశ్రామిక గూఢచారి. మూడు పనులూ ఆయనకు ఒకటిగానే కనిపించి ఉండాలి.

లాంకషైర్‌కు ఒక్క లోటు మిగిలింది. చేత్తో వడికిన వాళ్ళ నూలు పడుగుకు ఆగేంత గట్టిది కాదు, అందుకే నార కలిపేవారు. ఆర్క్‌రైట్ నీటితో నడిచే వడుకు యంత్రం 1769 తర్వాత ఆ లోటు తీర్చింది. కానీ పూర్తి నూలుగుడ్డ మీద అచ్చు వేస్తే 1721 చట్టం ప్రకారం నేరం! భారతీయ గుడ్డకు పెట్టిన ఉచ్చు ఇంగ్లండు గుడ్డకే తగులుకుంది. ఆర్క్‌రైట్, అతని భాగస్వాములు పార్లమెంటుకు వెళ్ళారు. 1774లో కొత్త చట్టం వచ్చింది. బ్రిటన్‌లో వడికి నేసిన పూర్తి నూలుగుడ్డకు అచ్చు వేసుకోవచ్చు, తొడుక్కోవచ్చు, గజానికి మూడు పెన్నీల పన్ను కట్టాలి. అయితే గుడ్డ అంచులో మూడు నీలి పోగులు నేయాలి. చూడగానే అది స్వదేశీ అని తెలియడానికి. ఆ పోగులు లేని గుడ్డకు, అంటే మన గుడ్డకు, పాత నిషేధం అలాగే ఉంది.

ఇప్పటి ఆర్థికవేత్తల్లో ఒక వర్గం ఈ డెబ్బై అయిదేళ్ళను చూపి, శిశు పరిశ్రమకు రక్షణ ఇస్తే ఎదుగుతుందనడానికి ఇదే సాక్ష్యం అంటుంది. ఎదిగిన మాట నిజం. కానీ 1700లోనూ 1721లోనూ ఓటు వేసినవాళ్ళెవరూ నూలు పరిశ్రమను పెంచుదామనుకోలేదు. 1721లోనైతే దాన్ని చంపుదామనే అనుకున్నారు. వాళ్ళు పాలు పోసింది ఒక శిశువుకు, పెరిగింది ఇంకొకటి. ఇంకో సంగతి కూడా ఈ సాక్ష్యంలో కలపాలి. రక్షణ ఇచ్చిన దేశానికే ఆఫ్రికా బజారు, అమెరికా పత్తి, సముద్రాల మీద నౌకాదళం కూడా ఉన్నాయి. అవేవీ లేని దేశం ఒక్క సుంకాన్నే అరువు తెచ్చుకుంటే అదే ఫలితం వస్తుందని ఈ కథ చెప్పదు.

1813 నాటికి బ్రిటన్‌లోకి వెళ్ళే భారతీయ నూలుగుడ్డల మీద సుంకం నూటికి 70, 80 దాకా ఎక్కింది. అదే ఏడాది ఇండియా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం రద్దయి, మాంచెస్టర్ గుడ్డకు మద్రాసు, బందరు రేవులు తెరుచుకున్నాయి. ఆ గుడ్డ మీద ఇక్కడ వేసిన సుంకం ఎంతో, దాన్ని ఎవరు నిర్ణయించారో వచ్చే భాగంలో చూద్దాం.